రేకు మీద పేరు, మట్టిలో వేరు

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో మూలికల కొట్టు ముందు నిలబడి "పాతాళగరుడ ఉందా?" అని అడగండి. మీరు ఏ భాషలో అడిగారో, కొట్టతను ఏ భాషలో విన్నాడో దాన్నిబట్టి పొట్లంలోకి వచ్చే సరుకు మారిపోవచ్చు. ఒడియా వాడుకలో పాతాళగరుడ అంటే సర్పగంధి, రక్తపోటును దింపే వేరు. సంస్కృతం దారిలో వచ్చిన తెలుగు వైద్యానికేమో పాతాళగరుడి అంటే దూసరతీగ. అది కంచెల మీద పాకుతుంది. ఆకును నీళ్లలో పిసికి వదిలేస్తే కాసేపటికి నీళ్లన్నీ ఆకుపచ్చటి జున్నులా పేరుకుంటాయి. చలవ చేస్తుందని వాడతారు. పోనీ భాష తేడా అనుకుందామంటే తెలుగులోనూ సర్పగంధిని పాతాళగంధి, పాతాళగరుడ అనేవాళ్లు ఉన్నారు. ఒకటి చలవ పసరు, రెండోది మోతాదు తప్పితే మనిషిని పడుకోబెట్టే వేరు. పిలుపు మాత్రం ఒకటే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, జయపురం అటు వెళ్లాయి. ఊళ్లు పంచుకున్నారు, తాలూకాలు పంచుకున్నారు, మొక్కల పేర్లను మాత్రం ఎవరూ పంచలేదు. అందుకే గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో ఒకే ఆకుకు అమ్మమ్మ ఒక పేరు చెబుతుంది, బడిలో ఇంకో పేరు నేర్పుతారు, సంతలో కొండమీంచి దిగిన సవరలో, కువి మాట్లాడేవాళ్లో మూడో పేరు పెట్టి అమ్ముతారు. నేలవేము ఒడియాలో భూయినింబ. తిప్పతీగ గుళుచి. కరక్కాయ హరిడా, తానికాయ బాహాడా. గుమ్మడిటేకు గంభారి. సరస్వతి ఆకు థాల్‌కుడి. ఇవి ఇబ్బంది లేని జంటలు, పేరు మారినా మొక్క మారదు. చిక్కంతా పాతాళగరుడలాంటి వాటితోనే.

ఇలాంటి ముడులు విప్పుకోవడానికి అనువైన చోటు ఔషధ మొక్కల తోట. ఈ ప్రాంతంలో అలాంటిది జయపురంలో ఉంది: ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ నడిపే బిజూ పట్నాయక్ ఔషధ మొక్కల తోట, పరిశోధన కేంద్రం. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లకు సాలూరు, సుంకి ఘాటు, కోరాపుట్ మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి ఉంది. రైలైతే కొత్తవలస–కిరండోల్ లైను. పరిశోధన కోసం పెంచే తోటలకు పార్కుకు వెళ్లినట్టు వెళ్లకూడదు. ముందుగా కబురు చేసి, మొక్కలు తెలిసిన మనిషి వెంట నడిచేలా మాట్లాడుకోవాలి. ఆ మనిషి లేకపోతే మీరు చూసేది పచ్చదనమే.

వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "సుగర్‌కి ఏ ఆకండీ? మోకాళ్లకి ఏది?" అని. అడగడంలో తప్పేమీ లేదు గానీ దానికి జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. తోటలో మాత్రమే దొరికే జవాబు ఇంకోదానికి: ఈ మొక్కలో మందుకు తీసేది ఏ భాగం? తీశాక మొక్క బతుకుతుందా? ఏ మొక్కను ఏ మడిలో పెట్టారో, దేన్ని విత్తనంతో, దేన్ని కట్టెతో, అంటే కోసి గుచ్చిన కాడ ముక్కతో, పెంచుతున్నారో, ఏ మొక్కకు ఎందుకు కంచె కట్టారో, అన్నీ ఈ రెండు ప్రశ్నల్లోంచి అర్థమవుతాయి.

రేకును ఎలా చదవాలి

మొక్క పక్కన గుచ్చిన రేకు మీద జనం పై వరుస చదివి ముందుకు పోతారు. అసలు సంగతి కింది వరుసల్లో ఉంటుంది. పద్ధతిగా నడిపే తోటలో స్థానిక పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం, ఒక అంకె ఉంటాయి. ఆ అంకె 2019–142 లాగా ఉందనుకోండి, 2019లో తోటలోకి వచ్చిన 142వ సేకరణ అని అర్థం. ఆఫీసు రిజిస్టరులో ఆ అంకె దగ్గర ఏ కొండ నుంచి, ఏ నెలలో, విత్తనంగానా మొక్కగానా, ఎన్ని తల్లి మొక్కల నుంచి తెచ్చారో రాసి ఉండాలి. అంకె లేని మొక్కను చూసి ఆనందించవచ్చు, దాన్ని నమ్ముకుని అడవిలో తిరిగి నాటడం మాత్రం కుదరదు. ఎక్కడిదో తెలియదు కదా.

"ఎన్ని తల్లి మొక్కల నుంచి" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఒకే సర్పగంధి మొక్క గింజలతో వంద మొక్కలు పెంచితే చూడ్డానికి తోట నిండుగా ఉంటుంది. కానీ ఆ వందా అక్కచెల్లెళ్లు. ఒక తెగులుకు ఒకటి లొంగితే మిగతావీ లొంగే ప్రమాదం ఎక్కువ. అందుకే విత్తన సేకరణలో ఒక చోటు నుంచి కనీసం యాభై మొక్కల గింజలు కలిపి తేవాలన్నది చాలాకాలంగా పాటించే లెక్క. అన్ని మొక్కలు దొరకనంత అరుదైనదైతే దొరికిన ప్రతి తల్లి గింజనూ విడివిడిగా మొలకెత్తించి విడిగా అంకె వేస్తారు.

లాటిన్ పేరు చూసి జంకనక్కర్లేదు. పాతాళగరుడ గొడవ తీర్చేది అదే. రావుల్ఫియా సర్పెంటినా అని ఉంటే సర్పగంధి, కాక్యులస్ హిర్సూటస్ అని ఉంటే దూసరతీగ. రావుల్ఫ్ 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు, సర్పెంటినా అంటే పాములాంటిది. ఈ పేర్లకూ అప్పుడప్పుడు మార్పులు వస్తాయి గానీ, పాత పేరుకు కొత్త పేరు ఏదో లెక్క రాసి ఉంచుతారు. మన పేర్లకు ఆ సౌకర్యం లేదు. "బ్రాహ్మి" సంగతే చూడండి. కొందరికి సరస్వతి ఆకు, కొందరికి నీరుబ్రాహ్మి. తోటలో రెండూ తడి మడిలో పక్కపక్కనే ఉంటే తేడా క్షణంలో తెలుస్తుంది: సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, పొడుగాటి కాడ మీద నిలబడుతుంది. నీరుబ్రాహ్మి ఆకులు గోరంత, దళసరిగా, కాడ లేకుండా ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి.

గేటు దగ్గరి అశోక చెట్లు

ఆఫీసుల ముందూ కాలేజీల ముందూ సన్నగా, పొడవుగా, కొమ్మలు కిందికి వేలాడేసుకుని వరసగా నిలబడే చెట్లను అందరూ అశోక చెట్లంటారు. అవి నరమామిడి చెట్లు. అశోకారిష్టం అనే ఆయుర్వేద మందులో పడాల్సిన బెరడు వాటిది కాదు. అసలైన సీతాశోకం మధ్యస్థంగా, గుబురుగా పెరిగే నీడ చెట్టు. దగ్గరికెళ్లి ఆకు చూడండి. నరమామిడికి అలల అంచు ఉన్న ఆకులు ఒక్కొక్కటిగా ఉంటాయి. సీతాశోకానికి ఒకే ఈనె మీద నాలుగైదు జతల చిట్టి ఆకులు ఉంటాయి. లేత చిగురు రాగి రంగులో, నీళ్లలో ముంచి తీసిన గుడ్డలా వాలి ఉంటుంది. మాఘం నుంచి చైత్రం దాకా వెళ్తే పూత కనిపిస్తుంది. నారింజ రంగులో మొదలై ఎర్రబడే గుత్తులు ముదురు కొమ్మల మీంచే నేరుగా పుట్టుకొస్తాయి. వాటిలో పూరేకుల్లా కనిపించేవి నిజానికి మొగ్గను కప్పి ఉంచే రక్షక పత్రాలు. ఆకర్షక పత్రాలు, అంటే అసలైన పూరేకులు, దానికి లేవు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, సీతాశోకం బెరడు తక్కువ, గిరాకీ ఎక్కువ, నరమామిడి బెరడు వీధి నిండా. కలిపి అమ్మడం ఎప్పటినుంచో ఉంది. ఎండి ముక్కలైన బెరడును చూసి మామూలు కొనుగోలుదారు తేల్చలేడు. తోటలో నిలబడ్డ చెట్టు మీద ఉన్న బెరడు, పేరు ఖరారైన నమూనా, ఆ కల్తీని పట్టే కొలబద్ద. మూలికలు కొనే కంపెనీల పరీక్షశాలలకు కూడా ఇలాంటి నమ్మకమైన తల్లిచెట్టు నుంచి తీసిన ముక్క కావాలి.

సీతాశోకం తోటలోనే ఉండటానికి ఇంకో కారణం దాని గింజ. వరి, జొన్న గింజల్ని బాగా ఎండబెట్టి, సున్నా కంటే 18 డిగ్రీలు తక్కువ చలిలో ఏళ్ల తరబడి దాచవచ్చు. జన్యు బ్యాంకులు చేసేది అదే. అశోక గింజను ఎండబెడితే చచ్చిపోతుంది. చెట్టు కింద రాలిన వెంటనే మడిలో పడాలి. కాబట్టి దానికి ఫ్రిజ్‌లో బ్యాంకు లేదు. బతికున్న చెట్టే దాని బ్యాంకు.

ఆకు, కాయ, బెరడు, వేరు

ఆకుతో సరిపోయే మందు మొక్కకు సులువు. పొడపత్రి తీగను తోటల్లో సందర్శకులకు ఇష్టంగా చూపిస్తారు. వెంట ఉన్న మనిషి రెండాకులు కోసిచ్చి నమలమంటారు. నిమిషం ఆగి పంచదార వేసుకుంటే నాలుక మీద ఇసుక పోసుకున్నట్టుంటుంది. తీపి మాత్రమే మాయమవుతుంది, చేదు, ఉప్పు, కారం అలాగే తెలుస్తాయి. అరగంటో గంటో గడిచాక తీపి తిరిగి వస్తుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట కూర్చోవడం వల్ల ఇలా అవుతుంది. "సుగర్ ఆకు" అన్న పేరు చాలావరకు ఈ ఆట వల్లే పాకింది. నాలుక మీద తీపి చచ్చినంత మాత్రాన రక్తంలో చక్కెర దిగినట్టు కాదు, అది విడిగా తేల్చుకోవాల్సిన సంగతి. అడ్డసరం, పొడపత్రి లాంటివి కొసలు తుంచితే మళ్లీ చిగురిస్తాయి. అందుకే తోటలో వాటి మడి చిన్నది, కంచె ఉండదు.

కాయదీ సులువనుకుంటాం. కాయ కోస్తే చెట్టుకేం నష్టం? ఉసిరి సంగతి అడవికి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు: కాయ కోసేవాళ్లు చెట్టెక్కరు, కొమ్మ నరుకుతారు. కార్తీకంలో వనభోజనానికి కూర్చునే చెట్టును రెండు నెలలకు మోడు చేస్తారు. ఇక ఇంకో పోటీ ఉంది. ఉమ్మడి అడవిలో "మనం కొయ్యకపోతే రేపు వేరేవాళ్లు కోస్తారు" అన్న తొందరలో పక్వానికి రాకముందే కోసేస్తారు. పచ్చి కాయకు ధర తక్కువ, గింజ మొలవదు. రెండు విధాలా నష్టమని తెలిసినా ఎవరూ ఆగరు. ఊరంతా కలిసి "ఫలానా తేదీ దాకా ఎవరూ కొయ్యొద్దు" అని కట్టుబాటు పెట్టుకున్నచోట ఈ తొందర తగ్గుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద గ్రామాలకు హక్కు ఇచ్చింది కాబట్టి ఆ కట్టుబాటుకు చట్టం అండ కూడా ఉంది.

బెరడు దగ్గర అసలు గండం మొదలవుతుంది. తెల్లమద్ది చుట్టూతా ఒక కడియం వెడల్పున బెరడు ఒలిచేస్తే ఏమవుతుంది? మర్నాడు ఏమీ కాదు. నెలకూ ఏమీ కాదు. నీళ్లు లోపలి కట్టె గుండా పైకి పోతూనే ఉంటాయి, ఆకులు పచ్చగానే ఉంటాయి. తెగిపోయింది పైనుంచి కిందికి దిగే దారి. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు చేరాలి. అది ఆగాక వేళ్లు తమలో దాచుకున్నది తిని, తర్వాత ఆకలితో చస్తాయి. అప్పుడు చెట్టు ఎండుతుంది. ఒలిచినవాడు ఆ పాటికి వేరే కొండ మీద ఉంటాడు. తన కత్తికీ ఈ మోడుకీ సంబంధం అతనికి ఎప్పటికీ కనబడదు. ఒలిచే పద్ధతి వేరే ఉంది: చుట్టుకొలతలో నాలుగో వంతుకు మించకుండా నిలువు పట్టీగా, పై బెరడు, మధ్య బెరడు మాత్రమే తీసి, కట్టెను అంటి ఉన్న లోపలి తడి పొరను గోకకుండా వదలాలి. గాయం పూడి కొత్త బెరడు పట్టాకే రెండో వైపు ముట్టుకోవాలి. తోటలో ఇలా ఒలిచిన చెట్టు ఉందేమో అడిగి చూడండి. పాత పట్టీ అంచులు ఎలా ముడుచుకుని దగ్గరవుతాయో ఒకసారి చూస్తే వంద మాటలు అక్కర్లేదు.

వేరు తీస్తే మొక్కే పోతుంది. దశమూలం అని మనం తేలిగ్గా అనేస్తాం. పేరులోనే పది వేర్లు ఉన్నాయి. అందులో అయిదు చిన్న మొక్కలు: ముయ్యాకుపొన్న, కోలపొన్న, పెద్దములక, వాకుడు, పల్లేరు. మిగతా అయిదు చెట్లు: మారేడు, దుండిలం, గుమ్మడిటేకు, కలిగొట్టు, తక్కిలి. పల్లేరు పీకితే వచ్చే వానకు మళ్లీ మొలుస్తుంది. దుండిలం వేరు కావాలంటే చెట్టును పెకలించాలి. అంత అడవి ఎక్కడా లేదు కాబట్టి బజారులో వేరు బదులు కాండం బెరడు, కొమ్మలు వాడటం మామూలైపోయింది. శాస్త్రం రాసినవాళ్లు వేరన్నారు, వాడుకలో బెరడు దిగింది. మందు గుణం అంతే ఉందా అన్నది ఒక చర్చ. చెట్టు వైపు నుంచి చూస్తే మాత్రం బెరడే మేలు, పైన చెప్పినట్టు ఒలిస్తే.

దుండిలం చెట్టు తోటలో ఉంటే తలెత్తి చూడండి. కత్తుల్లా వేలాడే పొడుగాటి కాయలు కనిపిస్తాయి. ఎండి పగిలితే లోపల ఉల్లిపొర లాంటి రెక్కలున్న గింజలు. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, గబ్బిలాలు వచ్చి పుప్పొడి మోస్తాయి. గబ్బిలం రాని తోటలో దుండిలం పూస్తుంది గానీ కాయదు. మొక్కను తెచ్చుకోగలం, దాని చుట్టాలందరినీ తెచ్చుకోలేం.

సర్పగంధి ఎందుకు ఇంత అపురూపం

మోకాలెత్తు మొక్క. కణుపుకు మూడేసి ఆకులు చుట్టూ తిరిగి ఉంటాయి. తెల్లటి పువ్వులకు ఎర్రటి కాడలు, పండితే నల్లటి ఊదా రంగు కాయలు. దీన్నే పోలిన ఇంకో జాతికి కణుపుకు నాలుగేసి ఆకులు, అవీ ఒక సైజులో ఉండవు. కొట్లో రెండింటి వేర్లూ కలిసిపోతుంటాయి. 1949లో డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద సర్పగంధి పనితనాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రక్తపోటును దింపే రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. అప్పటిదాకా కొండల్లో మందులిచ్చే దిసారీల సంచిలో ఉన్న వేరుకు ఒక్కసారిగా ప్రపంచ గిరాకీ వచ్చిపడింది. అడవిలో తవ్వకం ఎంతదాకా పోయిందంటే 1990లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో దీన్ని చేర్చారు. అంటే అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు.

మందుగా పనిచేసే ఆల్కలాయిడ్లనే పదార్థాల్లో ఎక్కువ భాగం వేరు తొక్కులోనే ఉంటుంది. కాబట్టి తవ్వేటప్పుడు, కడిగేటప్పుడు తొక్కు ఊడితే సరుకు పోయినట్టే. నాటిన ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య వేరు తవ్వుతారు. ఇంత విలువైనది కదా, అందరూ పండించవచ్చు కదా అంటే అక్కడే కొర్రీ ఉంది. గింజ సరిగా మొలవదు. పండిన కాయ గుజ్జు కడిగేసి, గింజల్ని నీళ్లలో వేసి తేలినవి పారబోసి, మునిగినవి ఒక రోజు నానబెట్టి తాజాగా మడిలో చల్లాలి. ఇంత చేసినా సగం మొలిస్తే అదృష్టం. నిల్వ గింజైతే ఇంకా తక్కువ. వేరు ముక్కలతో పెంచడం తేలిక, అయిదు సెంటీమీటర్ల ముక్క చాలు. కానీ అమ్ముకోవాల్సిన వేరునే కోసి నాటడమంటే తిండిగింజలు విత్తనానికి పోసుకున్నట్టు. పైగా గింజ నుంచి వచ్చిన మొక్కకు ఊరినంత బలమైన వేరు, ముక్క నుంచి వచ్చిన మొక్కకు ఊరదు.

నీళ్లు నిలిచిన చోట సర్పగంధి వేరు కుళ్లిపోతుంది. సగం నీడ, ఆకుమట్టి, పారుదల ఉన్న నేల కావాలి. దీనికి పూర్తి విరుద్ధం వస, దానికి బురద కావాలి. బడుల్లో, ఆఫీసుల్లో చక్రం ఆకారంలో మళ్లు వేసి "దగ్గు", "జ్వరం", "చర్మం" అని రోగాల వారీగా మొక్కలు పెట్టే అలవాటుంది. చూడ్డానికి ముచ్చటే. ఏడాది తిరిగేసరికి సగం చస్తాయి, ఎందుకంటే ఎండ కోరేదీ నీడ కోరేదీ, తడి కోరేదీ పొడి కోరేదీ ఒకే మడిలో పడ్డాయి. మంచి తోట నేలను, నీడను బట్టి అమర్చి ఉంటుంది. రోగం పేరు వెతుక్కునేవాళ్లకు అది గందరగోళంగానే కనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఏం ముట్టుకోకూడదు

వానలు తగ్గే భాద్రపదం నుంచి కార్తీకం దాకా చిన్న మొక్కలకు మంచి కాలం. అడవినాభి పసుపు, ఎరుపు నిప్పురేకుల్లాంటి పూలు విప్పుతుంది, నేలవేము పూతకొస్తుంది. చెట్ల పూలు కావాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. మే నెలలో వెళ్తే కొన్ని మళ్లలో పేరు రాసిన రేకులు మాత్రమే ఉంటాయి, మొక్కలుండవు. తోట పాడుపెట్టారని అనుకోవద్దు. అడవినాభి, నేలతాడి, తెల్ల ముసలి లాంటివి పై భాగం ఎండి దుంప రూపంలో భూమిలో నిద్రపోతాయి. ఆ ఖాళీ మడిని తొక్కితేనే ముప్పు.

నేలవేము మడి దగ్గర కాసేపు ఆగండి. ఏడాది మొక్క. సమూలం, అంటే వేరుతో సహా మొక్కంతా, మందుకు పనికొస్తుంది, చేదు సారం పూత మొదలయ్యేనాటికి బాగా ఎక్కి ఉంటుంది. అంటే మందుకు మంచి అదునే మొక్కకు చెడ్డ అదును. గింజ కట్టకముందే పీకేస్తారు. అడవిలో వరసగా నాలుగేళ్లు అలా చేస్తే అయిదో ఏడు మొలిచేది ఉండదు. తోటలో మడికి ఒక పక్క కొన్ని మొక్కల్ని కాయ పగిలేదాకా వదిలేసి ఉంటారు, ఎండిపోయి అందవికారంగా కనిపించినా.

చేతులకు పని చెప్పొద్దు. నల్లజీడి కాయ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కి, నల్లగా మచ్చపడుతుంది. పిల్లల కళ్లు గురువింద గింజల మీద పడతాయి. గట్టి తొక్కుతో మింగితే జారిపోవచ్చేమోగాని నమిలితే ప్రాణాంతకం. ముష్టి గింజ, అడవినాభి దుంప, రెండూ విషాలే. దుంపను ఏ కందో చిలగడదుంపో అనుకుని తిని చచ్చినవాళ్లున్నారు. హిమాలయాల నుంచి వచ్చే వసనాభి వేరే మొక్క, అదీ విషమే, పేర్లు దగ్గరవడం ఇంకో ఇబ్బంది.

వెంట పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, నోటు పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. ఫొటో తీస్తే వరస పాటించండి: ముందు మొక్క మొత్తం, తర్వాత కణుపు దగ్గర ఆకులు ఎలా పుట్టాయో, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వో కాయో ఉంటే అది, చివర రేకు. చాలామంది పువ్వు ఒక్కటే తీసుకొస్తారు. ఇంటికెళ్లాక అది ఏమిటో ఎవరూ చెప్పలేరు. మద్ది జాతుల్లో ఆకు మొదట్లో ఉండే రెండు చిన్న గ్రంథులు అడుగున తిప్పి చూస్తేనే కనబడతాయి.

కొండ ఉండగా తోట ఎందుకు

గజపతి జిల్లాలోని మహేంద్రగిరి, 1,501 మీటర్లు, ఔషధ మొక్కలకు పుట్టిల్లు. 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అక్కడే ఉన్నాయి కదా, మళ్లీ మడి కట్టి పెంచడమెందుకని అడగొచ్చు. కొండ మీద మొక్క ఏటా వానతో, మంటతో, పురుగుతో పోట్లాడి మారుతూ ఉంటుంది. తోటలో మొక్కకు నీళ్లపైపు ఉంది, కాబట్టి అది మారదు, మెత్తబడుతుంది కూడా. కాపాడటం అంటూ ఉంటే అది కొండ మీదే. తోట చేసే పని రెండోది: కొండ మీద పోతే తిరిగి ఇవ్వడానికి కాస్త దాచి ఉంచడం, అడవి మీద బరువు తగ్గేలా రైతుకు నారు అందించడం. రాయగడ జిల్లా చాటికొణలో బుధవారం సంతకు డోంగ్రియా కోందులు కొండ సరుకు దింపుతారు. అలాంటి సంతల్లోకి వచ్చే వేరు మడిలోంచి వచ్చిందా, కొండ మీంచి వచ్చిందా అన్నదాన్నిబట్టే తోట ఫలించిందో లేదో తెలుస్తుంది. దానికి తోట లోపల కొలమానం లేదు.

నర్సరీలో కొనేటప్పుడు

బయటికొచ్చేముందు అందరూ నర్సరీ దగ్గర ఆగి సంచి మొక్కలు కొంటారు. ఎక్కువ పోయేది తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో కషాయాలకు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబయి వైద్యులు రాశారు. అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ రెండింటి తేడాలూ ప్రకటించింది. అసలు తీగే కారణమన్నది వైద్యుల మాట, ఆ వాదన అక్కడితో ఆగలేదు. కాబట్టి కాలేయ జబ్బు ఉన్నవాళ్లు సరైన తీగ దొరికినా డాక్టరుకు చెప్పకుండా తాగకూడదు. గుర్తుపట్టడం మాత్రం కష్టం కాదు. అసలు తిప్పతీగ కాడ మీద పల్చటి పొర కాగితంలా ఊడుతుంది, కోస్తే పాలు రావు, పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. రెండోదాని కాడ నిండా మొటిమల్లాంటి బుడిపెలు, కోస్తే పాల లాంటి రసం, పండు కోలగా నారింజ రంగులో.

ఇంటికి తెచ్చిన తిప్పతీగను పెంచడానికి కట్టె చాలు. చిటికెనవేలు లావు కాడను జానెడు ముక్క, కనీసం రెండు కణుపులుండేలా కోసి, జూన్, జూలైల్లో ఒక కణుపు మట్టిలో ఉండేలా గుచ్చాలి. తలకిందులుగా గుచ్చితే రాదు. కోసేటప్పుడే పై కొసను ఏటవాలుగా, అడుగును సమంగా కోసుకుంటే పొరబాటు పడరు. వేపచెట్టుకు పాకించాలన్న పట్టింపు చాలామందికి ఉంది, ఏ ఊతమైనా ఎక్కుతుంది.

నర్సరీలో ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి: ఇది ఆడ తీగా, మగ తీగా? తిప్పతీగలో ఆడ, మగ వేర్వేరు మొక్కలు. ఒకే మగ తీగ నుంచి వెయ్యి కట్టెలు కోసి వెయ్యి ఇళ్లకు పంచితే వెయ్యీ మగవే, ఒక్క పండు కాయదు, ఒక్క గింజ రాదు. సంచిలో ఉన్న పిల్ల తీగను చూసి ఆడో మగో ఎవరూ చెప్పలేరు, తల్లి తీగను చూసే చెప్పాలి. ఎండాకాలంలో ఆకు రాలి పలచబడ్డ తీగకు పూత వస్తుంది. మగ పూలు గుత్తులు గుత్తులుగా, ఆడ పూలు ఒంటరిగా ఉంటాయి. అప్పుడు మళ్లీ వెళ్లి, రెండు తీగలకూ రంగు దారాలు కట్టించి, వానలు పడగానే దేనికదే ఒక కట్టె కోసిమ్మని అడగండి.